సున్నా మిల్లీమీటర్లు

మనుషుల పేర్లన్నీ ఒక టేబుల్లో ఉన్నాయి,
వాళ్లు కొలిచిన వానలన్నీ ఇంకో టేబుల్లో.
విండ్‌హుక్‌లో మూడో అంతస్తు, ఫ్యాను తిరగని గది.
ఫెస్టుస్ వెళ్తూ వెళ్తూ నా బల్ల మీద చీటీ పెట్టాడు:
"ఒక్కొక్కరు ఎన్నిసార్లు రాశారో పొద్దుటికల్లా కావాలి.
మొదటి పదిమందికి కొత్త వర్షమాపకాలు.
అసలు రాయనివాళ్ల ఖాతాలు తీసేద్దాం."

చిన్న పనే.
రెండు టేబుళ్లనీ కలిపి, పేరు పేరునా గుంపు కట్టి
కౌంట్ ఎంతని అడిగితే చాలు,
చేటలో గింజలు చెరిగినంత సులువు.
చెరిగాను.
మూడువందల పన్నెండు పేర్లు మిగిలాయి.
చేరినవాళ్లు మూడువందల యాభైయైదు.

నలభైముగ్గురు ఏమైనట్టు?
ఎవరూ చెరపలేదు వాళ్లని.
జోడీ లేని పేరును జాయిన్ కన్నెత్తి చూడదు,
పంక్తిలో విస్తరి వేయని మనిషిలా
నిలబడ్డ చోటే మాయమైపోతాడు.

లెఫ్ట్ అని ఒక్క మాట ముందు చేర్చాను.
వచ్చారు నలభైముగ్గురూ,
తలుపు సందులోంచి ఒదిగి ఒదిగి,
ఒక్కొక్కరి పక్కనా ఒకటి.

ఒకటా?
ఒక్క చినుకూ రాయనివాళ్లకి ఒకటి ఎక్కణ్ణించి వచ్చింది?
నవ్వొచ్చింది కాసేపటికి.
నక్షత్రం గుర్తు పెట్టి లెక్కపెట్టమన్నాను కదా,
అది వానల్ని కాదు, వరసల్ని లెక్కపెట్టింది.
ఖాళీ చేతులతో నిలబడ్డా
నిలబడ్డట్టే దాని లెక్కలో.
దాని ధర్మం నాకు నచ్చింది. అయినా దిద్దాను.
నలభైమూడు చోట్ల ఒకటి సున్నా అయింది.

ఎక్కువ రాసినవాళ్లు పైకొచ్చేలా పేర్చితే
అందరికన్నా పైన ఉవాజువా హెంగారి,
పూరోస్ అవతల, ఏటి ఇసక ఒడ్డున మేకల దొడ్డి.
వెయ్యిన్ని నూట ఇరవైయేడు నమోదులు.
ఆమె వానలన్నీ కూడి చెప్పమన్నాను.
సమ్ చెప్పింది: సున్నా.
మూడేళ్ల పైన పొద్దుపొద్దునా
తేదీ, దాని ఎదురుగా సున్నా,
తేదీ, దాని ఎదురుగా సున్నా.

"ఏదో యంత్రం రాస్తోంది," ఫోనులో ఆవలించాడు ఫెస్టుస్,
"మనిషికి అంత ఓపిక ఉండదు. తీసెయ్."

ఆమె నంబరు రెండు రోజులు మోగనే లేదు.
చీటీ గడువు దాటిపోయింది.
సిగ్నల్ కోసం గుట్ట ఎక్కే శనివారం నాడు దొరికింది,
మాట వెనకాల మేకల మెడగంటలు, ఆయాసం.
"యంత్రమేంటి తల్లీ,
పొద్దున్నే గొట్టం దగ్గరికి వెళ్తాను. వంగి చూస్తాను.
లేదు. లేదని రాసుకుంటాను, వారానికోసారి పంపుతాను.
వెళ్లకుండా లేదని రాస్తే అబద్ధం.
వెళ్లీ రాయకపోతే
కురిసిందేమోనని మీరనుకోరూ?"

ఏం చెప్పాలో తెలీక
కొత్త వర్షమాపకం పంపుతున్నామని చెప్పాను.
"పాతది బాగానే ఉంది," అంది,
"అందులో ఇంతవరకూ ఏమీ పడలేదుగా."
తనే నవ్వింది, మేకల్ని అదిలిస్తూ.

ఆ నలభైముగ్గురి జాబితా ఇంకా తెర మీదే ఉంది.
ఖాతాలు తీసేసే క్వెరీ రాసి సిద్ధంగా పెట్టాను,
ఒక్క మీట దూరం.
ఎందుకో ఒక్కో పేరూ పైకి చదివాను.
ముప్పైయెనిమిదోది తులోంగేని నంగోంబే, సున్నా.
నేనే.
సైటు తెరిచిన రోజు
పనిచేస్తోందో లేదో చూద్దామని చేసుకున్న ఖాతా.

మొన్న జనవరిలో ఈ ఊళ్లో వాన పడింది.
ఎంత పడిందో నాకు తెలీదు.
కారు అద్దాలు ఎక్కించుకుని ఇంటికెళ్లిపోయాను.

మీట నొక్కలేదు.
జామ్ సీసా ఒకటి కడిగి, పక్కన స్కేలు గీతలు గీసి
కిటికీ చువ్వకి తీగతో కట్టాను.
పొద్దున్నే వంగి చూశాను.
అడుగున ఒక చీమ, కొంచెం దుమ్ము.
తేదీ వేశాను.
దాని ఎదురుగా, చూసి మరీ, సున్నా.